కుడి చేతి ఆపరేషన్‌కు ముందు

జూలై 3, గురువారం
మానుకోట దవాఖానలో డేటు ఇచ్చారు. వచ్చే గురువారం. కుడి మణికట్టులో నరం నొక్కుకుపోయిందట, దాని మీది పట్టీ కోసి వదులు చేస్తారట. పొద్దున పోతే సాయంత్రానికి ఇల్లు. ఆ చేతి డాక్టర్ ఆపరేషన్లు రెండు వారాలకొకసారే చేస్తాడు. "ఇంకా ఆలస్యం చేస్తే బొటనవేలికి పట్టు రాదమ్మా" అన్నాడు. కత్తెర పట్టలేని టైలర్‌ దగ్గరికి ఎవరొస్తారు? శ్రావణం పెళ్లిళ్ల జాకెట్లు సంచి నిండా ఉన్నాయి.

రాత కూడా వంకర పోతోంది. పోనీ. చదివేది నేనే.

జూలై 5
నర్సు చెప్పినవి, మరిచిపోకుండా — ముందురోజు రాత్రి పదింటికి తినడం ఆఖరు. తర్వాత చాయ్, పాలు, చల్ల ఏదీ వద్దు. పొద్దున లేచాక నీళ్లు కూడా వద్దు. గోళ్లరంగు తీసెయ్యాలి. ఆ చేతికి గాజులు, ఉంగరం ఉండొద్దు. వదులు చేతుల జాకెట్. వాడే మందులన్నీ వెంట తేవాలి, నాటుమందైనా సరే చెప్పాలి. ఇంకొకటి — వెంట మనిషి. ఇంటివాళ్లెవరూ లేకుంటే ఆపరేషనే చెయ్యరట.

మిగతావన్నీ నేను చేసుకోగలను. మనిషే లేదు.

జూలై 6
ఈయనకు ఫోన్. భూపాలపల్లి బొగ్గుబాయిలో డ్యూటీ మారింది, సెలవు దొరకదట. "మా అమ్మ లేదా ఇంట్ల? తోల్కపో." ఎంత సులువుగా అన్నాడు! నేను కుట్టుమిషన్ కొన్న రోజు "ఊరోళ్ల బట్టలు కుట్టుడేంది, ఇజ్జత్ లేదా" అని తిట్టి మాట మానేసిన ఆ అమ్మే, మా అత్త. ఉప్పు అందుకోమన్నా గోడకు చెప్పినట్టే చెబుతుంది. ఫోన్ పెట్టేశాను. ఒళ్లు మండిపోయింది.

జూలై 8
అత్త వస్తానంది. ఒప్పుకున్న తీరు చూడాలి — "నేను గాక ఇంకెవలున్నరు ఈమెకు?" పక్కింటామెకు చెప్పింది, నాకు కాదు.

గాజులు తీస్తుంటే మళ్లీ లొల్లి. "మొగడు బాయిల దిగంగ బోడి చెయ్యేంది?" ఎడమ చేతికి ఉన్నాయి కదా అన్నాను. వినదు. ఛీ.

జూలై 10, గురువారం
జరగలేదు.

రాస్తే గాని కోపం దిగదు. పొద్దున గడప దాటుతుంటే అత్త తుమ్మింది. ఒకటే తుమ్ము. తనే తుమ్మి, తనే ఆపింది. "కూసో. జరసేపు కూసుండి నీళ్లు తాగి కదులు." నీళ్లు తాగొద్దన్నారు అన్నాను. "తుమ్ముల పోతె పని కాదు. ఒట్టి నీళ్లు కడుపుల కొడ్తయ్" అంటూ లోపలికి పోయి గ్లాసెడు చల్ల తెచ్చింది. బయట ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. నేను తాగితే గాని ఆమె కదలదు, ఆమె రాకుంటే నాకు ఆపరేషన్ లేదు. గటగటా తాగి గ్లాసు నేలకేసి కొట్టినంత పని చేశాను.

దవాఖానలో నర్సు అడిగింది — పొద్దున్నుంచి ఏమన్నా తిన్నరా, తాగిన్రా? నేను నోరు తెరిచేలోపే అత్త — "ఏం లేదు బిడ్డా, సుక్క నీళ్లు గూడ ముట్టలే."

చెప్పేశాను. గ్లాసెడు చల్ల తాగానని, ఎవరు తాగించారో కూడా. నిజాయితీతో చెప్పానని రాసుకుంటే అది అబద్ధం. ఆమె నలుగురిలో తలదించుకోవాలనే చెప్పాను. మత్తులో వాంతి వస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందట, ప్రాణం మీదికి వస్తుందట. "సల్ల తాగితె ఏమైతదమ్మా?" అత్త ఇంకా వాదిస్తూనే ఉంది. ఆపరేషన్ వాయిదా వేసి, చీటీ మీద 24వ తేదీ అని రాసిచ్చారు.

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. మా మరిపెడ వచ్చేదాకా ఆమె కిటికీ వైపే చూసింది, నేను చీటీ వైపు.

జూలై 14
చిటికెనవేలు తప్ప అన్నీ మొద్దుబారాయి. సూదిలోకి దారం ఎక్కదు. నాలుగు జాకెట్లు కుట్టకుండానే వాపసు ఇచ్చేశాను. ఇస్తుంటే అత్త చూసింది. చూడనీ.

జూలై 17
"ఆ పొద్దు నిజం చెప్పినవ్, మంచిగనే అయింది." బియ్యం చెరుగుతూ, నా వైపు చూడకుండా. వెంటనే — "నలుగుట్ల నా ఇజ్జత్ తీసినవ్." రెండూ ఒక్క ఊపిరిలోనే అంది.

జూలై 21
నర్సుకు ఫోన్ చేసి అన్నీ మళ్లీ అడిగాను. ఆపరేషన్ అయ్యాక పది రోజులు చెయ్యి తడవొద్దు, బరువెత్తొద్దు. "తానానికి, తలకు ఇంట్ల ఆడోళ్లు ఎవరన్న ఉన్నరా?" ఉన్నారన్నాను. అత్త కలిపిన ముద్ద తినాలి... ఆమె నీళ్లు పోస్తే స్నానం చెయ్యాలి. భయం ఆపరేషన్‌కు కాదు, దీనికే.

జూలై 24, గురువారం
రాత్రి పదిలోపే తిన్నాను. నీళ్లు ముట్టలేదు. గోళ్లు శుభ్రం. మందులు, కాగితాలు సంచిలో.

జడే వేసుకోలేకపోయాను. వేళ్లకు పట్టు లేదు, పాయలు జారిపోతున్నాయి. అత్త వెనక నుంచి వచ్చి దువ్వెన లాక్కుంది. అడగనైనా అడగలేదు. నా తల మీద చెయ్యి పెట్టి ఆగింది.

"పాపిట ఎటు తీస్తవ్?"

పదకొండేళ్లుగా ఒకే ఇంట్లో ఉన్నాం. ఆమెకు తెలియదు.

చెప్పే బదులు ఈ పుస్తకం తీసి రాస్తున్నాను. ఆమె దువ్వెన పట్టుకుని వెనకే నిలబడి ఉంది. బస్సుకు ఇంకా పావుగంట...