గోరి తీసిన దిష్టి

కొత్తగూడెం, 1986

పినపాకలో ఉన్న అక్కకు నీ చెల్లె జంపక్క దండాలు. నేను కులాసా, బెంగపడకు.

అనాథాశ్రమంలో నేను సాకుతున్న నాలుగేళ్ల గోరిని పెంచుకోవడానికి స్వీడన్ నుంచి ఒకామె వచ్చింది. వారమైనా పిల్ల ఆమెను ఉరిమి చూడటమే తప్ప దగ్గరకు పోలేదు. నిన్న ఆమెకు జ్వరమొచ్చింది. గోరి వంటింట్లోంచి దొడ్డుప్పు తెచ్చి, నేను తనకు దిష్టి తీసినట్టే ఆమె చుట్టూ తిప్పి, "ఊరి దిష్టి, దారి దిష్టి, నా దిష్టి గూడ పోవాలె" అన్నది. తర్వాత ఆమె ఒళ్లోనే నిద్రపోయింది.

పిల్ల ఆమెకు చేరిక కావాలని భద్రాద్రి రాముడికి మొక్కింది నేనే, అయ్యాక ఏడుస్తున్నదీ నేనే. నాకేమైందో తెలియడం లేదక్కా.

మేక ఈనిందా? నీ పిల్లలకు నా దీవెనలు. ఆదివారంలోగా బావతో మన చేని ఎండుమిరపకాయలు నాలుగు పంపు, గోరి మూటలో కట్టాలి. ఆ దేశంలో దానికి దిష్టి తీసేదెవరు?