గ్యాసు పొయ్యికి ఎర్రమట్టి

జూన్ 20, 1988, సోమవారం

వచ్చింది. పేరు రాయించిన ఇన్నేళ్లకు మా వంతు. రిక్షాలో సిలిండరు, ఆయన సైకిలు వెనక పొయ్యి పెట్టె. కిరాణా దుకాణం పట్టపగలు మూసి ఇంటికి వచ్చారు — మా పెళ్లయ్యాక ఇదే మొదటిసారి.

గ్యాసు ఏజెన్సీ మనిషి బిగించి అగ్గిపుల్ల గీశాడు. నీలం మంట. చుట్టూరా చిన్న చిన్న మొగ్గల్లా... పొగ లేదు. చిటపట లేదు. గొట్టంతో ఊదే పని లేదు. నేను నోరు తెరుచుకుని నిలబడ్డానని ఆయన నవ్వారు. నవ్వనీ. ఇన్నాళ్లు కళ్లు తుడుచుకుంటూ వండింది నేను, ఆయన కాదు.

అత్తమ్మ గడప అవతలే. కొంగు నోటికి అడ్డం. అసలు తెచ్చిందే ఆమె కోసం. పొగకు ఊపిరితిత్తులు పాడయ్యాయి, కట్టెల పొయ్యి దగ్గరికి పోనివ్వొద్దని దవాఖానలో డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. పోయిన చలికాలం దమ్ముతో పడుకోలేక, గోడకు ఆనుకుని కూర్చుని... రాయలేను. అత్తమ్మ ఇవాళ మంటను చూసి ఒకే మాట అడిగింది.

"ఏం తిని మండుతదే గిది?"

నిజమే కదా, ఏం తిని మండుతుంది?

జూన్ 21, మంగళవారం

అన్నం, పప్పు, చారు. గిన్నె అడుగు తెల్లగా ఉంది. తిప్పి తిప్పి చూశాను. వండిన గిన్నె అడుగు ఇలా కూడా ఉంటుందని ఇంత వయసొచ్చాక తెలిసింది.

అత్తమ్మ ముట్టలేదు. పెరట్లో రేకుల కింద తన కట్టెల పొయ్యి ముట్టించుకుని జొన్నరొట్టె కాల్చుకుంది. దగ్గు వంటింటిదాకా వినిపించింది. ఆయనకు కోపం. ఆ పొయ్యి కూలగొడతానని లేచారు. నేనే ఆపాను. అది ఆమె తన చేతులతో వేసుకున్న పొయ్యి. కూలగొడితే రొట్టె కూడా మానేస్తుంది. ఆ మొండితనమే కొడుక్కీ వచ్చింది, ఈయన మాత్రం ఏమీ ఎరగనట్టు మాట్లాడతారు.

జూన్ 24, శుక్రవారం

పొద్దున్నే పెరట్లో అత్తమ్మ అలుకుతున్న చప్పుడు. ఎర్రమట్టి పిసికి, గుడ్డ ముంచి, పొయ్యి పైనా, చుట్టూ, లోపలి అంచుదాకా... దాని మీద ముగ్గు, పసుపు, కుంకుమ బొట్లు. ప్రతి శుక్రవారం ఇంతే. అలకని పొయ్యి మీద నీళ్లు కూడా కాయదు.

నేను తడిగుడ్డతో నా పొయ్యి తుడిచాను. గడప దగ్గర నిలబడి చూసింది. తుడిస్తే సరిపోతుందా అని అడిగింది. సరిపోతుందన్నాను. నాకేదో అంతా తెలిసినట్టు.

జూన్ 27

పాలు పొంగాయి. బర్నరు మీద మాడి నల్లటి పెచ్చు కట్టింది. పైపైన తుడిచి వదిలేస్తుంటే వెనకనుంచి గొంతు — పొయ్యిని ఎంగిలిగా ఉంచొద్దట. తిరిగి చూస్తే నా పక్కనే ఉంది. గడప దాటింది. నేను తల దించి పెచ్చు గీకాను. ఏమన్నా అంటే మళ్లీ వెనక్కి పోతుందని భయం.

జూలై 1, శుక్రవారం

కూరగాయలకు పోయి వచ్చేసరికి వంటింట్లో ఎర్రమట్టి వాసన.

గ్యాసు పొయ్యిని అలికింది. బండ ఒక్కటే కాదు, పొయ్యే. బర్నర్ల మీద కూడా చక్కగా, ఎత్తుపల్లాలు లేకుండా, చేతి వేళ్ల గీతలు పడేలా. పైన పసుపు, కుంకుమ. చుట్టూ ముగ్గు. కొత్త పెళ్లికూతురిలా ఉంది.

సంచి పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కోపం రావాలి. రాలేదు. ఇన్ని రోజులూ ఆమె దాన్ని పొయ్యి అనలేదు — "గది", "గా డబ్బ" అనేది. ఇవాళ అలికింది. అలికిందంటే పొయ్యి అని ఒప్పుకున్నట్టే.

ఆమె ముఖంలో సంతోషం. ఇక ముట్టించు, ఇవాళ నేనూ దీని మీదదే తింటానన్నది.

ముట్టించాను. ఏం చేయాలి మరి? ఒక పక్క పసుపుపచ్చ మంట లేచింది. ఇంకో పక్క లేదు. బుస్సుమని, టప్పుమని చప్పుడు. గ్యాసు వాసన. అన్నం గిన్నె అడుగంతా మసి. వెంటనే కట్టేసి, తలుపులు, కిటికీ తెరిచాను. ఇద్దరం పెరట్లోకి వచ్చి నిలబడ్డాం.

రాత్రి ఆమె తినలేదు.

జూలై 2

"నా చెయ్యి పడ్డది, గది చెడ్డది. ఇగ నేను ముట్ట."

ఉదయం ఈ మాట అని పెరట్లోకి పోయింది. మళ్లీ కట్టెలు. మళ్లీ పొగ. వానకు తడిసిన కట్టెలు, చెప్పేదేముంది.

ఏజెన్సీ మనిషి బుధవారంగాని రాడట. బర్నరును పట్టి లాగి చూశాను, చేతిలోకి ఊడి వచ్చింది! అంత సులువని తెలియదు. రంధ్రాల నిండా ఎండిన మట్టి. చీపురుపుల్లతో పొడిచాను. పుల్ల లోపలే విరిగింది. ఉన్న రోగానికి తోడు నా వైద్యం. చాకలిబండ మీద పడేసి వచ్చాను.

జూలై 3, ఆదివారం

దవాఖాన. సాయంత్రం అత్తమ్మ పొయ్యి ముందే కూలబడింది. పెదవులు నీలం. ఆయన ఎత్తుకుని రిక్షాలో... దారంతా "అవ్వా, అవ్వా" అన్న మాట తప్ప ఇంకేం లేదు.

డాక్టరమ్మ సూది వేసింది. బయటికి పిలిచి నాతో అన్నది: "ఇంకొకసారి గిట్ల పొగ వడితె నా చేతుల ఏం ఉండదమ్మ. నువ్వే చూసుకోవాలె."

నేనే చూసుకోవాలి. ఎలా?

జూలై 5, మంగళవారం

ఇంటికి వచ్చింది. నులకమంచం పెరట్లోనే వేయమంది, ఎండ తగలాలని. ఆయన కట్టెలన్నీ దుకాణం వెనక్కి చేరవేశారు. ఆమె చూస్తూ ఊరుకుంది. ఆ ఊరుకోవడం నాకు నచ్చలేదు.

మధ్యాహ్నం నేను గిన్నెలు తోముతున్నాను. చాకలిబండ మీద బర్నరు అలాగే ఉంది. మంచం మీంచి చెయ్యి చాచి అడిగింది, ఇచ్చాను. గోటితో గీకింది. మసి కింద ఒక గీత తళుక్కుమంది. ఇంకాస్త గీకింది.

"గిది ఇత్తడే కదనే."

ఆ గొంతు నేను ఎప్పుడూ వినలేదు. తప్పిపోయి దొరికిన పిల్లను గుర్తుపట్టినట్టు. ఇత్తడి ఆమెకు తెలిసినంతగా ఇంకేదీ తెలియదు — మా ఇంటి బిందెలు, కొప్పెరలు, చెంబులు అన్నీ ఆమె చేతుల్లో తోమితోమి నునుపుదేరినవే. లేచి కూర్చుంది. చింతపండు తెమ్మంది. వేడినీళ్లు తెమ్మంది. కాచడానికి మా పొయ్యే పనిచేయడం లేదు, పక్కింట్లో అడిగి తెచ్చాను.

మట్టి నాని వదిలింది. చింతపండు రుద్దింది, కొబ్బరి పీచుతో తోమింది. నల్లని నీళ్లు కారి కారి చివరికి బంగారం రంగు బయటపడింది. నేను నా పని మరిచిపోయి చూస్తున్నాను. తరవాత గాజులకు వేలాడే పిన్నీసు తీసి ఒక్కో రంధ్రంలో గుచ్చి తిప్పింది. నా చీపురుపుల్ల ముక్క బయటికి వచ్చింది. దాన్ని నా అరచేతిలో పెట్టింది.

రెండో బర్నరునూ తెప్పించుకుని అలాగే తోమింది. అయ్యాక ఒకదాన్ని సూర్యుడికి ఎదురుగా ఎత్తి పట్టుకుంది. రంధ్రాలన్నిటిలోంచీ వెలుగు వచ్చి ఆమె చెంప మీద చుక్కలు చుక్కలుగా పడింది. ఎక్కడా ఒక చుక్క తప్పిపోలేదు. ఎంత అందంగా ఉందో. అన్నేళ్ల పొగ పట్టిన ఆ ముఖం మీద... నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. చెప్పుకోవడానికి కూడా ఎవరూ లేరు, అందుకే ఇక్కడ.

జూలై 6, బుధవారం

ఏజెన్సీ మనిషి వచ్చాడు. లోపల గ్యాసు చిమ్మే చిన్న ముక్క, జెట్టట, తీసి ఊది, మళ్లీ బిగించాడు. అది మాత్రం పిన్నీసుతో పొడవొద్దు, రంధ్రం పెద్దదైతే మంట చెడుతుందన్నాడు. బర్నరు బాగా ఆరాకే పెట్టమన్నాడు. పైపు అతుకుల మీద సబ్బు నురుగు పూసి, బుడగ లేస్తే అక్కడ గ్యాసు కారుతున్నట్టేనని చూపించాడు. బుడగ లేవలేదు.

అత్తమ్మ బుగ్గన చెయ్యి పెట్టుకుని వింది. కంటికి కనిపించని గాలిని సబ్బుతో పట్టుకోవచ్చా అని అతను పోయాక నన్ను అడిగింది. నాకూ అదే వింత.

ముట్టించాం. నీలం. చుట్టూ ఒకే ఎత్తు. చప్పుడు కూడా మెత్తగా. ఆమె రెండు చేతులూ జోడించింది, తెలియకుండానే నావీ కలిశాయి.

అన్నం తింది. గ్యాసు మీద అన్నం.

జూలై 8, శుక్రవారం

పొయ్యి పని ఇక తనదట. నేను ముడితే చెయ్యి మీద చరిచింది. వారానికోసారి బర్నర్లు తీసి తోమడం, ఎండబెట్టడం, పిన్నీసు. పొంగితే చల్లారాక అప్పటికప్పుడే తుడవడం. ఎర్రమట్టి కింద బండకు మాత్రమే. పసుపు పొయ్యి కాళ్లకు, పైన కాదు. ఇవన్నీ తనకు తానే పెట్టుకున్న కట్టుబాట్లు. కానీ ముట్టించడం మాత్రం నేనే. అగ్గిపుల్ల ఇస్తే వెనక్కి జరుగుతుంది. ఆ రోజు టప్పుమన్న చప్పుడు ఇంకా చెవుల్లో ఉన్నట్టుంది.

జూలై 14

దగ్గు తగ్గింది. రాత్రి పడుకుని నిద్రపోతోంది, కూర్చుని కాదు.

జూలై 19, మంగళవారం

ఆషాఢం. వచ్చే వారం దాటితే ఆదివారం మా వాడకట్టు పోచమ్మ గుడిలో బోనాలు.

నాకు ఇంతదాకా తట్టలేదు చూడు. అమ్మవారికి కుండలో ఎత్తుకుపోయే బోనం అన్నం కట్టెల పొయ్యి మీదే వండాలి. ఈ ఇంట్లో పెద్దామెనే వండాలి. ఆమె కోడలుగా వచ్చినప్పటినుంచీ అదే పొయ్యి. ఈయన దుకాణం వెనకనుంచి కట్టెలు తేనన్నారు. ఆమె అడగలేదు. పెరట్లో పాత పొయ్యి మాత్రం ఇవాళ అలికింది. శుక్రవారం కాకపోయినా అలికింది.

జూలై 22

నేను వండుతాను, పొగకు నేను కూర్చుంటాను అన్నాను. బతిమాలాను. "నేనున్నన్ని దినాలు నేనే" — అంతే. డాక్టరమ్మ మాట గుర్తుచేస్తే వినపడనట్టు బియ్యం ఏరుతోంది. గ్యాసు మీద వండితే ఏమవుతుందని ఈయన అడిగారు. అమ్మవారికి గ్యాసు తిండి పెడతావారా అన్నట్టు ఒక్క చూపు చూసింది. ఈయన దుకాణానికి పోయారు. ఆ చూపుకు నేనైతే ఊరే వదిలిపోదును.

జూలై 28

ఎక్కడినుంచో ఎండుకట్టెల మోపు వచ్చి రేకుల కింద పడింది. ఎవరు తెచ్చారో చెప్పదు. భయంగా ఉంది. ఆమె మీద కోపం కూడా. పోచమ్మ మీద కూడా, తప్పయితే తప్పు.

జూలై 30, శనివారం

నెలసరి. ఇంకా వారం ఉండాల్సింది. చావిట్లో చాపమీద కూర్చున్నాను. వంటింట్లోకి పోకూడదు, దేన్నీ ముట్టకూడదు. రేపు ఆమె పక్కన నిలబడి ఊదుగొట్టమైనా ఊదుదామనుకున్నాను, అదీ లేదు. గ్యాసు ముట్టించేవాళ్లు కూడా ఇంట్లో లేనట్టే. ఇక కట్టెలే.

జూలై 31, ఆదివారం

చావిట్లోంచి రాస్తున్నాను.

పొద్దున తలస్నానం చేసి తడిబట్టతో పెరట్లోకి పోయింది. గోడ ఇవతలనుంచి చప్పుళ్లు విన్నాను. కట్టెలు జరిపింది. పొగ వాసన కోసం నా ముక్కు కాచుకుని ఉంది.

తరవాత అడుగులు ఇటువైపు. వంటింటి వెనక కిటికీ దగ్గరికి పరిగెత్తాను, బయటే నిలబడ్డాను. కొత్త కుండకు పసుపు రాసి, వేపమండలు కట్టి పొయ్యి మీద పెట్టింది. ఈయన వచ్చి ముట్టించబోతే బయటికి పొమ్మంది, మగవాళ్ల పని కాదని. నావైపు చూసింది.

"ఎటు తిప్పాలె పిల్లా?"

ఎడమకు. ముందు అగ్గిపుల్ల గీసి దగ్గర పెట్టు, తరవాత తిప్పు. నెమ్మదిగా. కిటికీ చువ్వలు పట్టుకుని చెప్తున్నాను. మొదటి పుల్ల విరిగింది. ఇంకోటి ఆరింది. ఆ తరవాతది మండింది, ఆమె చెయ్యి వెనక్కి పోలేదు. తిప్పింది.

నీలం.

మంట సన్నగా పెట్టించాను, కుండ పగలకుండా. బియ్యం, బెల్లం, పాలు. గరిటె తిప్పుతూ అంతసేపూ నిలబడింది. ఒక్కసారి కూడా దగ్గలేదు. నేను లోకంలో చాలా చూడలేదు, మహా అయితే దగ్గర్లోని వర్గల్ దాకా పోయానేమో. కానీ ఇంతకంటే పెద్దది ఇంకేదైనా చూస్తానని అనుకోను.

పోచమ్మకు కోపం వస్తే అని నేనే నోరు జారాను. కుండ మీద దీపం పెడుతూ, తల ఎత్తకుండా చెప్పింది.

"అడుగుత. నీకు పొగ కావాల్నా, నేను కావాల్నా అని అడుగుత."

బోనం ఎత్తుకుని పోయింది. ఈయన వెంట ఉన్నారు. డప్పులు మలుపు తిరిగాయి, ఇప్పుడు వినిపించడం లేదు. గుడి దగ్గర జనం ఎక్కువ, సాంబ్రాణి పొగ కూడా ఉంటుంది.

పొద్దుగూకుతోంది. పక్కింటివాళ్లు తిరిగి వచ్చారు. మావాళ్లు ఇంకా రాలేదు.