సున్నా ఫిర్యాదుల పేజీ

గార్డెన్ రీచ్, కలకత్తా
ఆదివారం

అమ్మకు సమీర నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ కులాసా. నాన్న మోకాలు, నీ బడి, తమ్ముడి పరీక్షలు కూడా కులాసాగానే ఉన్నాయని నమ్ముతున్నాను.

నీ ప్రశ్నలకు జవాబులు. హెడ్‌మిస్ట్రెస్ గారి ఉత్తరం కదా, ఒక్కటి వదిలినా మార్కులు పోతాయి. వేళకు తింటున్నాను. ఆవకాయ అప్పుడే సగం అయిపోయింది, పక్కింటి అమూల్య గారి పుణ్యమా అని. ఇక "బొగ్గు కాల్చే కరెంటు కంపెనీకి పర్యావరణ నివేదిక ఏమిటే?" అని దెప్పావు. ఎంత పొగ వదిలాం, ఎంత నీరు వాడాం, చుట్టుపక్కల జనం ఏమంటున్నారు, అన్నీ ఏటా చెప్పుకోవాలమ్మా. ఆ జనం అధ్యాయమే నాది.

జనవరిలో, బడ్జ్ బడ్జ్ ఊరు దాటాక మా ప్లాంటు పక్కనున్న బస్తీలో సమావేశం పెట్టాను. అప్పటికి నా బెంగాలీ వయసు రెండు నెలలు. ఆడవాళ్లంతా ఒక్కసారే లేచి, "ఛాదే ఛాయ్, బారాందాయ్ ఛాయ్, భాతేఓ ఛాయ్!" అన్నారు. మేడ మీద, వరండాలో, చివరికి అన్నంలో కూడా అన్నంతవరకు అర్థమైంది. టీ అంటే ఇంత ప్రాణమా అని మురిసిపోయి, అందరికీ మట్టి కప్పుల్లో టీ తెప్పించాను. వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, నవ్వి, తాగేశారు. ఆ నవ్వుల్ని ఫొటో తీసి, దాని పక్కన "ఫిర్యాదులు: సున్నా" అని రాశాను.

కిందటి వారం జీపులో ఈ ముచ్చట గొప్పగా చెబుతుంటే, డ్రైవరు గవరయ్య బండి పక్కకి ఆపేశాడు. తాతల నాడే శ్రీకాకుళం నుంచి ఇక్కడికొచ్చిన కుటుంబం ఆయనది.

"ఏటి మేడమ్‌గారూ! ఈళ్లు టీని చా అంతారు. ఛాయ్ అంతే బూడిద! మేడ మీద, కూట్లో బూడిద పడతందని ఆళ్లు మొత్తుకుంతే, మీరు టీ పోసీసినారేటి?"

ముందు నవ్వాగలేదు. తర్వాత నేను రాసిన ఆ సున్నా గుర్తొచ్చింది.

అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను, తిట్టకు. తెలిశాక కూడా ఐదు రోజులు నోరు మెదపలేదు. నివేదిక అచ్చుకి వెళ్లబోతోంది. నా ప్రొబేషన్ నెలాఖరుకి తేలాలి. ఆ సున్నా చూసి మేనేజరు రఘురాం గారు అందరి ముందు నన్ను మెచ్చుకున్నారు. నేనది ఫోన్లో చెబితే నువ్వు స్టాఫ్ రూములో లడ్డూలు పంచావు. వాళ్ల కంచాల్లో బూడిద, మన చేతుల్లో లడ్డూలు. చాలా సిగ్గేసిందమ్మా.

మొన్న శుక్రవారం వెళ్లి చెప్పేశాను. రఘురాం గారు పగలబడి నవ్వి, ఆ తర్వాత కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"మళ్లీ వెళ్లి అడుగమ్మా. ఈసారి గవరయ్యని సమావేశంలో పక్కన కూర్చోబెట్టుకో."

నిన్న వెళ్లాం. మా ప్లాంటు బూడిద లారీలు పైన టార్పాలిన్ పట్టా లేకుండా ఆ వీధిలోంచే పోతున్నాయట. రేపటినుంచి పట్టా కప్పని లారీ గేటు దాటదని రఘురాం గారు ఆర్డరు వేశారు. నా ప్రొబేషన్ మాట ఎత్తితే మాత్రం "చూద్దాం" అన్నారు, అంతే.

అయినా హాయిగా ఉంది. ఈ పొద్దున్నే పేజీ మార్చి ప్రెస్సుకి పంపాను. స్టాఫ్ రూములో ఎవరైనా అడిగితే దాచకు. మా అమ్మాయికి నలభై మూడు ఫిర్యాదులు వచ్చాయి, ఒక్కటీ వదలకుండా తన చేత్తోనే రాసింది అని చెప్పు.

ఇట్లు,
నీ పెద్దమ్మాయి
సమీర