ఆ ఒక్క నక్షత్రాన్ని చెరపను

జూరాకన్! వేయించిన బోర్సోక్ రొట్టెముక్కలు గుడ్డ కింద ఉన్నాయి. టీకి సమోవార్‌లో నీళ్ళు పోశాను.

బంధువులు టీవీ ముందు చేరేలోగా నా రేటింగ్ చెరిపెయ్యమన్నావు. చెరపను. మీ తమ్ముడి కొడుకు తీసినంత మాత్రాన ఆ సిరీస్‌కు ఒక్క నక్షత్రం రెండు కాదు.

అందులో, బలవంతపు పెళ్ళికి ఎత్తుకొచ్చిన పిల్ల పారిపోబోతే ఆ ఇంటి ముసలమ్మ గడపకు అడ్డంగా పడుకుంటుంది. దాటితే శాపమని భయపడి పిల్ల వెనుదిరిగి, పెళ్ళికి ఒప్పుకున్నట్టు తలకు తెల్లగుడ్డ కట్టించుకుంటుంది. దాన్ని ప్రేమకథ అన్నారు! నువ్వేమో కళ్ళు తుడుచుకుంటూ, "కథేగా, మీకన్నిటికీ తర్కమేనా!" అని నన్నే దెప్పావు. అప్పుడే మన మనవరాలు బేగిమై నా చెవిలో, "తాతా, దాటితే నిజంగానే శాపం తగులుద్దా?" అంది.

ఆ జవాబు ఏదో ఒకనాడు దానికి అవసరపడవచ్చు. దేవుణ్ణే నమ్మని తాత మాట అది నమ్మదు. అందుకే మీ అక్కను తీసుకురావడానికి వెళ్తున్నాను. వదినను బేగిమై పక్కనే కూర్చోబెట్టు.

తా.క.: వదిన ఆ సిరీస్ పిల్ల వయసులో, తనను ఎత్తుకుపోయిన ఇంట్లో అలాంటి ముసలమ్మనే దాటి, బురదలో వట్టికాళ్ళతో ఇల్లు చేరింది. శాపం ఇంకా దారిలోనే ఉంది కాబోలు. పరువు పోయిందని, ఆమెను లోపలికి రానివ్వకుండా మీ నాన్న తలుపుకు వేసిన గొళ్ళేన్ని ఆనాడు తీసింది నువ్వే. అదీ పిల్లకు చెప్పు.