నడుం విరిగిన నత్త

బావా,

రెండు వారాలకోసారి మా పని క్లయింటుకు చూపిస్తాం. మొన్న ఆయన యాప్ తెరవకముందే, "ఏంటయ్యా ఇది, నడుం విరిగిన నత్తలా?" అని అందరి ముందూ కడిగేశాడు. ఆ యాప్ నెమ్మదని నాకూ, మా టెస్టరమ్మాయికీ తప్ప ఎవరికీ తెలియదు. లోపలి గుట్టు ఆమే ఆయనకు చేరవేసిందనుకుని నిలదీశాను. "ఒట్టు సార్, నేను చెప్పలేదు" అన్నా వినలేదు. ఈ ఉదయం రాజీనామా ఇచ్చి వెళ్లిపోయింది.

ఆమె ఖాళీ కుర్చీ చూస్తుంటే గుర్తొచ్చింది. ఆ నత్త మాట నాదే. ఆఫీసులో ఎప్పుడూ అనలేదు. ఒక్కసారే, మీ ఇంట్లో, అక్క వడ్డిస్తుంటే అన్నాను. నువ్వు పొలమారేలా నవ్వావు.

నువ్వు రోజూ షటిల్ ఆడేది ఎవరితో, బావా?

నీ బావమరిది