బొట్టు పెట్టనివ్వని చోటు

శుక్రవారం, రాత్రి

ఈ మాట ఆయనతో చెప్పలేను. మనసులోనే ఉంచుకుంటే నిద్ర రావడం లేదు. అందుకే ఇన్నాళ్లకు పెన్ను పట్టుకున్నాను.

తమ్ముడి దగ్గర కొన్న కారు నిన్న సబ్బవరం రోడ్డు మీద పొగలు కక్కి ఆగిపోయింది. ఇంజనుకు నీళ్ల పంపును పట్టి ఉంచే బోల్టు విరిగిందట. ఈ సాయంత్రం మెకానిక్ లోపల ఇరుక్కుపోయిన ముక్కకు నట్టు వెల్డింగ్ చేసి, మెల్లగా తిప్పి బయటికి తీశాడు. ఆయన టీకి వెళ్లారు, నేనొక్కదాన్నే ఉన్నాను.

"ఇది ఇప్పుడిరిగింది కాదు పిన్నిగారూ. ఎప్పుడో ఇరిగితే బంకెట్టి కప్పేసేరు," అన్నాడు.

కారు పూజ రోజు గుర్తొచ్చింది. ఇంజనుకు బొట్లు పెడుతుంటే, సరిగ్గా అక్కడే తమ్ముడు నా చెయ్యి పట్టుకుని పక్కకు జరిపాడు.

"అక్కడొద్దక్కా, సెయ్యి కాల్తాది."

ఆ ముందు రాత్రంతా కారు వాకిట్లోనే ఉంది. ఇంజను చల్లగానే ఉంది. అయినా నా చేతి గురించి వాడికెంత బెంగో అని మురిసిపోయాను.

ఆయన తిరిగొచ్చి, "కారు ఆగిపోయిందని మీ తమ్ముడికి చెప్పకే. పాపం, బాధపడతాడు," అన్నారు.

ఆదివారం వాడు భోజనానికి వస్తాడు. ఎలా వడ్డించను?

అమ్మా నూకాలమ్మా, ఈ కాగితం నీ పటం వెనక పెడుతున్నాను. దాచు తల్లీ. ఆయన కంట మాత్రం పడనీకు.