ఏసీ పాంట్రీ కోసం మలగాసీ

మే 4, ఆదివారం
ఈ అరబ్బు దేశంల మా మబేలా ఆఫీసుకు కొత్త మేడమ్ వచ్చింది. లెక్కల సెక్షన్. పేరు హంత. దేశం మడగాస్కర్. మ్యాప్‌ల చూసిన, ఆఫ్రికా పక్కకు సముద్రంల ఉన్నది.

ముదీర్, అంటే మా మేనేజర్, నన్నూ సమీయుల్లానూ పిలిచిండు. "ఈ వారం ఇద్దరూ పాంట్రీల చాయ్ డ్యూటీ చెయ్యండి. మేడమ్‌కు నచ్చినోడు ఇక్కడనే ఉంటడు. ఇంకొకడు అల్ ఖౌద్ సైట్‌కు పోతడు" అన్నడు.

ఈ ఎండల సైటా? నాకు పాంట్రీ కావాలె. ఏసీ కావాలె.

సమీయుల్లాది కడప, మహా మాటకారి. వాణ్ని కొట్టాలంటే మేడమ్ భాష మలగాసీ నేర్చుకోవాలె. మొత్తం ఎందుకు, తాగేటియి చాలు. యూట్యూబ్‌ల పన్నెండు మాటల వీడియో దొరికింది. రోజుకు రెండు. ఇయ్యాలటివి:
నీళ్లు – రాను
చాయ్ – దితే
ఇంత అల్కగుంటదా! ఈ భాష నాకోసమే పుట్టినట్టున్నది.

మే 5, సోమవారం
పొద్దుగాల కప్పు పట్టుకపోయి "దితే" అన్న. మేడమ్ మొఖం వెలిగిపోయింది. ఇగ ఆగకుండ మలగాసీల ఏదో చెప్పింది. ఒక్క ముక్క అర్థంకాలే. తల ఊపిన. ఏం అడిగిందో ఏమోనని చాయ్, కాఫీ, నీళ్లు మూడూ తెచ్చిపెట్టిన.

సమీయుల్లా చూడనే చూసిండు. "ఏం భాయ్, మేడమ్‌కు పెండ్లి భోజనం పెడతాండావా?" అన్నడు. వాని కుళ్లు వానిది.

కాఫీ – కాఫే. పాలు – రునూను. కాఫేకు కష్టపడలే, అయినా ఒక మాట ఒక మాటనే.

మే 6, మంగళవారం
రాత్రి సంధ్యకు ఫోన్ జేసి మలగాసీ వినిపిచ్చిన. భార్య గదా, మెచ్చుకుంటదనుకున్న. "పెండ్లయి తొమ్మిదేండ్లాయె. నేను చాయ్‌ల చక్కెర ఏసుకుంటనో లేదో చెప్పు" అన్నది. సిగ్నల్ సరిగ లేదని ఫోన్ పెట్టేసిన.

మూడ్ పోయింది. కొత్త మాటలు లేవు. రేపు నాలుగు.

మే 7, బుధవారం
ఐదో మాట పండ్ల రసం. అది మాట కాదు, గూడ్సు రైలు. రెండుసార్లు అంటే దవడ పట్టుకున్నది. అయినా ఆఫీసుల జూస్ ఎవ్వలు తాగుతరు? పక్కకు పెట్టిన.

పాపం మేడమ్‌కు వంట రాదు. మధ్యాహ్నం పాంట్రీల కరెంట్ పొయ్యి మీద చిన్న గిన్నెల అన్నం వండుకుంటది, రోజూ అడుగంటుతది. తినుడు కాంగనే మాడు గిన్నెల నీళ్లు పోసి మల్ల పొయ్యి మీద పెట్టి ఫోన్ మాట్లాడ పోతది. నేను తీసుకపోయి ఇనుప పీచుతోని తళతళ తోముతున్న. భాష ఏముంది, పని మాట్లాడాలె.

మే 8, గురువారం
ఇయ్యాల ఇంకా తెలివి చేసిన. మేడమ్ అటు పోంగనే ఉడికే అన్నంల గ్లాసెడు నీళ్లు పోసిన. అన్నం దూది లెక్క, అడుగు అంటితే ఒట్టు. మేడమ్ గిన్నెలకు చానసేపు చూసింది. సంబురం కావచ్చు.

మలగాసీ: సున్న. ఆ వీడియో ఆయన మరీ తొందరగ మాట్లాడుతడు. తప్పు ఆయనదే.

మే 11, ఆదివారం
మునిగిన.

ముదీర్ పిలిచి అడిగిండు: "ఆమె తాగేది రోజూ ఎందుకు పారబోస్తున్నవ్?" నేనేం పారబోసిన అన్న. తీరా చూస్తే వాళ్ల దేశంల ఆ మాడుల నీళ్లు పోసి కాగబెట్టి, అన్నం తిన్నంక గోరువెచ్చగ తాగుతరంట. పేరు రానునంపాంగు. మేడమ్ కావాలని మాడగొడుతుంటే నేను కావాలని తోమిన.

సమీయుల్లాకు ఒక్క మలగాసీ మాట రాదు. "క్యా హువా మేడమ్?" అని అడిగిండంట, ఆమె ఇంగ్లీషుల అంత చెప్పిందంట, అంతే. పాంట్రీ వానికే.

వీడియో తెరిచిన. రానునంపాంగు తొమ్మిదో మాట. నేను ఐదోదానికాడ్నే దవడ పట్టుకున్నదని ఆగిన. నా మీద నాకే మండింది.

మే 13, మంగళవారం
అల్ ఖౌద్ సైట్. రాను, రాను, రాను. ఇంకో మాట గుర్తొస్తలేదు. బాత్రూంల ఏడ్చిన కూడ.

మే 14, బుధవారం
రూమ్‌కు సమీయుల్లా వచ్చిండు, మొఖం ఏలాడేసుకొని. మేడమ్ బిల్లుల పనిల పడి అన్నం వీణ్నే వండమన్నదంట. వీనిది బిర్యానీ చెయ్యి, మెతుకు మెతుకు విడివడుతది. ఎంత చూసినా మాడదు. మాడగొడదామంటే బొగ్గయితది. మేడమ్ రెండు రోజుల నుంచి మాట్లాడుతలేదు.

"నువ్వు ఎప్పుడు వండినా మాడుతాదంట గదా, నేర్పు భాయ్" అన్నడు.

మా రూమ్ ఓంకారన్న పక్కకెళ్లి నవ్వుతున్నడు. నా వంట వంతు రోజు మాడు చూసి ఆయన పెట్టే శాపనార్థాలు బిల్డింగంత ఎరుకనే. "నేర్పితే వచ్చేది కాదు, పుట్టుకతోని రావాలె. నన్నే పిలిపియ్యి" అన్న.

మే 15, గురువారం
పిలిపిచ్చిండ్రు. పొద్దుగాల సైట్, మధ్యాహ్నం నుంచి పాంట్రీ.

అన్నం పెట్టిన. ఏం ప్రయత్నం చెయ్యలే, మామూలుగనే వండిన. అడుగున బంగారు రంగు మాడు. మేడమ్ నీళ్లు పోసి కాగబెట్టి నాకూ ఒక గ్లాసు ఇచ్చింది. పొగ వాసన, కమ్మగుంది. "మీ భాషల దీన్ని ఏమంటరు?" అని ఇంగ్లీషుల అడిగింది.

"దీనికి మా దగ్గర పేరు లేదు మేడమ్, తిట్లే ఉన్నయి" అన్న.

ఆ తిట్లే నేర్పుమన్నది. ఓంకారన్నయి రెండు చెప్పిన. సాయంత్రానికి నోటికొచ్చినయి. చాయ్ లేటయిందని సమీయుల్లాను "సోయి లేనోడా" అన్నది, మా జగిత్యాలల పుట్టినట్టే.

ఆమె రోజుకు రెండు నేర్చుకుంటదంట. నాకు సిగ్గనిపించింది. రేపు శుక్రవారం, సెలవు. ఎల్లుండి కూడ సెలవే. ఆదివారం నుంచి పక్కా. మొదటి మాట: నీళ్లు – రాను.